కూర్చోబెట్టి అడిగిన పని

"దాచిన. కావాలనే దాచిన. గిదే మాట మధ్యాహ్నం ఆఫీసుల చెప్త. ఇగ అడిగేదేమన్న ఉన్నదా?"

ఆ మాట అనేసి ప్రహ్లాద్ ఇస్త్రీపెట్టె మళ్ళీ చొక్కా మీద ఆనించాడు. కంపెనీ ఇచ్చిన నీలం చొక్కా. జేబు మీద పేరు కుట్టి ఉంది. విచారణ తేలేదాకా పనిలోకి రావద్దని పంపేసిన మనిషికి ఆ చొక్కా ఎందుకో ఇంట్లో ఎవరూ అడగలేదు. కాలరు ఒకవైపు రుద్ది, తిప్పి రెండోవైపు రుద్దుతున్నాడు. పెళ్ళికి బయల్దేరేవాడిలా ఉంది వాలకం.

అహల్య వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ప్రమాదం జరిగిన సాయంత్రం నుంచీ ఆమె మొగుడితో మాట్లాడటం లేదు. ఏం చెప్పదలచుకున్నా కూతురి ముఖం చూసి చెబుతోంది.

"అడుగు బిడ్డా మీ నాయినను. తప్పు చేసినోడు ఎవడన్న ఇస్త్రీ బట్టలేసుకొని పోయి చెప్పుకుంటడా?"

హాసిని అడగలేదు. ఆమె తండ్రి కుడిచేతిని చూస్తోంది. బతుకంతా లిఫ్టుల మోటార్ల మధ్య మెలిగిన చెయ్యి అది. వేళ్ళ మీద చిన్న గాటు కూడా లేదు. అదే పని మొన్న చేసిన కొత్త టెక్నీషియన్ రవికిరణ్ చెయ్యి నాంపల్లిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, దిండు మీద, కట్ల మధ్య ఉంది. వేళ్ళు మళ్ళీ ముడుచుకుంటాయో లేదో డాక్టరు చెప్పడం లేదు.

రెండంతస్తుల మధ్య ఆగిపోయిన పాత లిఫ్టును చేత్తో దించే పని. కరెంటు తీసెయ్యాలి. ఇనుప రాడ్డుతో బ్రేకు వదులు చెయ్యాలి. పెద్ద చక్రం మెల్లగా తిప్పాలి. రవికిరణ్ ఫోనులో చూసుకుంటూ వరస తప్పకుండా చేశాడు. బ్రేకు వదిలిన క్షణంలోనే చక్రం దానంతట అది విసురుగా తిరిగి, తిప్పడానికి చువ్వల మధ్య పెట్టిన చేతిని మెలిపెట్టేసింది.

ఆ ఫోనులో ఉన్నవి ప్రహ్లాద్ చెప్పిన మాటలు. రాసింది హాసిని.

కంపెనీలో ఆమె ఉద్యోగమే అది. పాత మెకానిక్కులు ఒక్కొక్కరే రిటైరైపోతున్నారు. అబిడ్స్, కోఠి, నాంపల్లి పాత బిల్డింగుల్లో లిఫ్టులు మాత్రం అలాగే ఉన్నాయి. ఏ మిషన్‌కి ఏ జబ్బో, దానికి ఏం చెయ్యాలో తెలిసినవాళ్ళు వెళ్ళిపోకముందే అడిగి తెలుసుకుని, మెట్టు మెట్టుగా రాసి, కొత్త టెక్నీషియన్ల ఫోన్లలోకి ఎక్కించాలి. అందరూ చెప్పారు. ప్రహ్లాద్ మాత్రం "చెప్తే వచ్చేది కాదది" అంటూ నెలల తరబడి తప్పించుకున్నాడు. ఆఖరికి, కన్న తండ్రినే ఒప్పించలేని మనిషి ఈ ఉద్యోగానికెందుకని మేనేజరు వంశీధర్ నవ్వుతూ అన్న మాట ఇల్లు చేరాక, ఒప్పుకున్నాడు.

ఇప్పుడు అందరూ అడిగే ప్రశ్న ఒకటే. అన్నేళ్ళు అదే మిషన్ మీద ఈయన చేతికి దెబ్బ తగల్లేదంటే, రాసినదాంట్లో లేని మెట్టు ఏదో ఉంది. ఏమిటది?

మొదట ప్రహ్లాద్ అన్నీ చెప్పానన్నాడు. తరవాత మాట్లాడటం మానేశాడు. ఈ ఉదయం లేచి, దాచానంటున్నాడు.

"అయితే ఏం దాచినవ్ నాయినా?" అంది హాసిని.

ఇస్త్రీపెట్టె ఒక్క క్షణం ఆగింది.

"దాచింది చెప్తే ఇగ దాచుడెట్లయితది?"

ఆ జవాబు ఇంకెప్పుడైనా అయితే ముగ్గురూ నవ్వేవారు. ఆయన మాట తీరే అంత. ఇవాళ ఆ మాట గది మధ్యలో పడి అలాగే ఉండిపోయింది.

హాసిని వంశీధర్ ఫోను సంగతి చెప్పింది. పొద్దున్నే చేశాడు. ఎంతో నెమ్మదిగా, సొంత అన్నలా మాట్లాడాడు. మీ నాన్నగారు అన్నీ చెప్పే ఉంటారు, మీరు రాసేటప్పుడు ఒక మెట్టు జారిపోయి ఉంటుంది, అలా అయితే అది పొరపాటు కిందికి వస్తుంది, పొరపాటుకి ఎవరినీ ఉరి తీయరు అన్నాడు. ఆయన తెలిసే దాచారంటే మాత్రం తన చేతిలో ఉండదట. రవికిరణ్ బావమరిది అప్పటికే పోలీస్ స్టేషన్ చుట్టూ తిరుగుతున్నాడట. తెలిసి ఒకడి చెయ్యి విరగ్గొట్టించినట్టే కదా అన్నాడు. ఏది నిజమని మాత్రం అడగలేదు.

"పొరపాటు నీదెట్లయితది?" ప్రహ్లాద్ తలెత్తాడు. "నేను చెప్పింది చెప్పినట్టు రాసినవ్. అక్షరం తప్పలే. ఆ వంశీధర్ సారు ముంగట నువ్వు నోరు తెరువకు. నేను జూసుకుంట."

"ఇన్నవా?" అహల్య కూతురి వైపు తిరిగింది. "నిన్ను కాపాడనీకె తను జైలుకు పోతడంట. ఇద్దరికిద్దరు ఒకరి కోసం ఒకరు మునుగుండ్రి. నేను గట్టు మీద నిలబడి సూస్తుంట."

హాసినికి కూడా అంతవరకూ అదే అనుమానం. తండ్రి తన కోసమే అబద్ధం ఆడుతున్నాడనుకుంది. అలా అనుకోవడంలో ఒక వెచ్చదనం ఉంది. దాని వెనకే ఊపిరాడనితనమూ ఉంది. కానీ ఏం దాచావన్నప్పుడు ఆ ఇస్త్రీపెట్టె ఆగడం ఆమె చూసింది. అబద్ధం చెప్పేవాడి తడబాటు కాదది. చీకట్లో మెట్టుందనుకుని కాలు వేసి, లేదని తెలిసినవాడు ఆగినట్టు ఆగింది.

అప్పుడే వాకిట్లో చెప్పులు విడిచిన చప్పుడైంది. రవికిరణ్ భార్య మృదుల వచ్చింది.

ఆసుపత్రి నుంచి నేరుగా వచ్చినట్టుంది. జడ విడిపోయి ఉంది. అహల్య ఆమెను కూర్చోమంది, చాయ్ పెడతానంది. మృదుల కూర్చోలేదు. ఎవరి మీదా కోపం ఉన్నట్టు లేదు. కోపం ఉంటే బాగుండేదనిపించింది హాసినికి. దాన్ని భరించడం తేలిక.

"అంకుల్, నేను కొట్లాడనీకె రాలే," అంది ఆమె. "ఆయన నిద్రపోతలేడు. మత్తులో గూడ ఒకటే మాట. నేను ఏ మెట్టు తప్పిన, నేను ఏ మెట్టు తప్పిన అంటుండు. ఫోన్ ఎడమచేతిలో పట్టుకొని మల్ల మల్ల అదే చదువుతుండు. తప్పు నీది కాదురా అని మీరు ఒక్క మాటంటే చాలు. ఉస్తాద్ చెప్తేనే నమ్ముతడు."

కంపెనీలో ప్రహ్లాద్‌ను ఉస్తాద్ అని పిలిచేది రవికిరణ్ ఒక్కడే. మిగతావాళ్ళందరికీ ఆయన ప్రహ్లాద్ గారు.

ఇప్పుడు చెప్తాడనుకుంది హాసిని. ఇంతసేపూ పెళ్ళానికీ కూతురికీ గొంతెత్తి చెప్పిన మాటే కదా. దాచింది నేను, తప్పు వాడిది కాదు అంటే సరిపోతుంది.

ప్రహ్లాద్ ఇస్త్రీపెట్టె ప్లగ్గు తీశాడు. ఇస్త్రీ అయిన చొక్కా మడత విప్పాడు. మళ్ళీ మడిచాడు. మృదుల కాసేపు ఎదురుచూసి, మధ్యాహ్నం ఆఫీసుకి తానూ వస్తానని చెప్పి, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

ఆమె గల్లీ మలుపు తిరిగేదాకా కిటికీలోంచి చూసి, ఆయన చొక్కా తొడుక్కున్నాడు.

"ఆఫీసుకు పోయే ముంగట ఒక్కపారి ఆ బిల్డింగ్ కాడికి పోదాం నాయినా," అంది హాసిని. "నాకు చేసి చూపియ్యి."

ఒప్పుకోడనుకుంది. ఆయన ఆమె వైపు చూశాడు. ఆ చూపులో ఒప్పుకోలు కన్నా ఆశలాంటిది ఎక్కువగా ఉంది. తనకే ఏదో కావలసినవాడిలా ముందు నడిచాడు.

*

నాంపల్లి స్టేషన్ పక్క రోడ్డులో ఉంది ఆ నాలుగంతస్తుల బిల్డింగు. కింద సూట్‌కేసుల దుకాణాలు, పైన వకీళ్ళ ఆఫీసులు. లిఫ్టు గేటుకి అడ్డంగా తాడు కట్టారు. జనం గొణుక్కుంటూ మెట్లెక్కుతున్నారు.

మిద్దె తాళం పోశవ్వ దగ్గర ఉంటుంది. ఆ బిల్డింగు ఊడ్చేది ఆమే. ప్రహ్లాద్‌ను చూసి లేచి, కొంగున ముడేసిన తాళంచెవి విప్పింది.

"ఎవలకు ఇయ్యద్దన్నరు ఆఫీసోళ్ళు," అంది. "నువ్వు ఎవలవో గాదు గద ఉస్తాదూ."

హాసిని మెట్లెక్కుతూ ఆ మాటే తలుచుకుంది. ఈ ఊళ్ళో ఎన్ని బిల్డింగుల్లో ఇలా తాళాలు విప్పి ఇస్తారో ఆయనకి. తన చిన్నప్పుడు పండగ పూట కూడా ఫోను వచ్చేది. లిఫ్టులో మనుషులు ఇరుక్కున్నారు, ప్రహ్లాద్ గారిని పంపండి. ఆయన చెయ్యి కడుక్కుని లేచేవాడు. అహల్య సణిగేది. ఆ సణుగుడులో ఎంత గర్వం ఉండేదో. మా ఆయనకే తెలుస్తది అనేది. ఇంట్లో అందరూ ఆ ఒక్క వాక్యం నీడన బతికారు.

మిద్దె మీద రేకుల గది కొలిమిలా ఉంది. గ్రీజు వాసన. మధ్యలో మోటారు, దాని పక్కన ఇనుప చక్రం. ఒక చువ్వ మీద ఎవరో తడిగుడ్డతో తుడిచిన జాడ, మిగతా చువ్వల మీది మురికి మధ్య తెల్లగా కనిపిస్తోంది. ప్రహ్లాద్ దాన్ని చూశాడు. చూడనట్టు మెయిన్ స్విచ్చు వైపు తిరిగాడు.

హాసిని అలవాటుగా ఫోను తీసి వీడియో పెట్టింది. ఆయనకీ కనిపిస్తూనే ఉంది.

ఆయన పని మొదలుపెట్టాడు. చేస్తూ చెబుతున్నాడు. చెబుతున్న మాటలన్నీ ఆమె రాసినవే. మెయిన్ బంద్ చేసిన. రాడ్డు ఇక్కడ పెట్టిన. ఇగో, ఇట్ల మెల్లగ వదులుతున్న. చక్రం పట్టుకున్న. ఇగ తిప్పుడే. లిఫ్టు కింద ఎక్కడో కదిలిన చప్పుడైంది. చక్రం ఆయన చేతిలో చెప్పిన మాట వినే పిల్లలా మెల్లగా తిరిగింది.

"అయిపాయె," అన్నాడు. "గంతే."

అప్పటికి హాసిని చూసేసింది.

రాడ్డు మీద చెయ్యి వేసేముందు ఆయన ఎడమ మోకాలు ముందుకు వచ్చింది. చక్రం అంచుకు ఆనింది. బ్రేకు వదిలినప్పుడు చక్రం విసురుగా కదలబోయింది. ఆ విసురంతా మోకాలి మీద పడింది. మోకాలు దాన్ని పట్టి ఆపింది. ఏ వైపు లాగుతోందో తెలుసుకున్నాకే చెయ్యి చువ్వల మధ్యకి వెళ్ళింది. అలసిన మనిషి గోడకు ఆనుకున్నంత మామూలుగా జరిగిపోయిందంతా.

"మోకాలు?" అంది ఆమె.

"ఏ మోకాలు?"

ఆయన ముఖంలోకి చూసింది. నటన లేదు. చిరాకు ఉంది, ఎండ ఉంది, ఆమె ఏం అడుగుతోందో అర్థం కానితనం ఉంది. అంతే.

ఇంట్లో ఆయన ప్యాంట్లన్నిటికీ ఎడమ మోకాలి దగ్గర నల్లటి మచ్చ ఉంటుంది. అహల్య సబ్బు పెట్టి రుద్దుతూ, ఈ మనిషి ఏడ మోకరిల్లుతడో అని తిట్టేది. ఇన్నేళ్ళూ ఆ మచ్చను ఉతికారు గాని అదేమిటని ఒక్కరూ అడగలేదు.

పని గురించి చెప్పడానికి ఒప్పుకున్నాక కంపెనీ ఆయనకు సన్మానం చేసింది. శాలువా కప్పి, మంచి కుర్చీ వేసి, ఎదురుగా కెమెరా పెట్టింది. ముఖం బాగా పడాలని వెలుతురు సర్దారు. ఇంట్లో తాను కూడా అదే చేసింది. పెద్దవాడు, రోజంతా నిలబడి పనిచేసి వచ్చాడని కూర్చోబెట్టి, చాయ్ ఇచ్చి, చెప్పు నాయినా అంది. కూర్చున్న మనిషికి మోకాలు ఎలా గుర్తొస్తుంది? అడిగినప్పుడు మనిషి తనకు తెలిసినదంతా చెప్పడు. తెలుసని తాను ఎరిగినంతే చెబుతాడు. మిగతాది ఒంట్లో ఎక్కడో ఉంటుంది, ఆయన్ని కూడా అడగకుండా.

ఫోను ఆయన చేతికిచ్చింది. ఆయన చూశాడు. మళ్ళీ చూశాడు. ఇంకెవరి కాలునో చూస్తున్నట్టు చూశాడు.

"ఇది ఎప్పటి సంది చేస్తున్న నేను?"

ఆ ప్రశ్న ఆమెను అడిగాడు.

"మొదటి సంది నాయినా."

ప్రహ్లాద్ ఫోను తిరిగిచ్చి చక్రం దగ్గరికి వెళ్ళాడు. మళ్ళా చేస్త చూడు అన్నాడు. రాడ్డు మీద చెయ్యి వేశాడు. మోకాలి వైపు చూసుకున్నాడు. ముందుకు పెట్టాడు. ఎక్కువ ముందుకు పోయింది. వెనక్కి తీశాడు. ఎంత ఆనించాలో తెలియలేదు. కుడికాలు పెట్టి చూశాడు. రాడ్డు మీద చెయ్యి బిగుసుకుపోయింది. కణతల మీద నుంచి చెమట జారి నీలం చొక్కా కాలరులోకి దిగుతోంది. బ్రేకు వదలలేదు. వదలడానికి భయపడుతున్నాడు.

ఆ గదిలో తండ్రి భయపడటం హాసిని ఎన్నడూ చూడలేదు.

"చాలు, ఇగ రా నాయినా," అంది.

ఆయన రాడ్డు తీసి గోడకు ఆనించాడు. గుమ్మంలో, నీడ పడ్డ చోట, నేల మీద కూర్చున్నాడు.

"అంటే నాకు తెల్వదన్నట్టు," అన్నాడు. "గిన్ని రోజులు పని చేసింది మోకాలు. జీతం నేను తీసుకున్న."

నవ్వబోయాడు.

హాసిని పక్కన కూర్చుంది. ఇందులో సిగ్గుపడటానికేమీ లేదని చెప్పింది. నడిచేవాడు కాలెట్లా ఎత్తుతాడో చెప్పలేడని, అది తెలియకపోవడం కాదని, ఇంకా ఎక్కువ తెలియడమని ఏదేదో చెప్పింది. ఆయన వింటున్నట్టు లేదు. చదువుకున్నవాళ్ళ ఓదార్పు అది. ఆ మాటలు చెబుతున్నప్పుడే వాటి తేలికదనం ఆమెకు తెలుస్తోంది.

"ఈ వీడియో చూపిద్దాం నాయినా. దాచలేదని తెలుస్తది. నాది తప్పు కాదు, నీది కాదు, రవిది కాదు."

"తీసెయ్ దాన్ని."

"నాయినా..."

"తీసెయ్యమంటున్న బిడ్డా." ఆయన గొంతు పెద్దది కాలేదు. "దాచిండు అంటే, ప్రహ్లాద్‌కు తెలుసు గని చెప్పలే అంటరు. తిడ్తరు. తిట్టనీ. తెల్వదు అంటే ఏమంటరు? ఇన్నేండ్లు వీనికి ఉస్తాద్ అని తాళంచేతులు ఇచ్చినం, వీడు గానుగ తిరిగిన ఎద్దని అంటరు. నువ్వే చెప్పు, నేను ఇగ ఎట్ల తిరుగుత ఈ రోడ్ల మీద?"

తన కోసం కాదు. ఆ సంగతి అప్పుడు అర్థమైంది హాసినికి. తండ్రి అబద్ధం తనను కాపాడటానికి కాదు. ఇంట్లో అందరూ నీడన బతికిన ఆ ఒక్క వాక్యాన్ని కాపాడటానికి. ఆ వాక్యం పోతే ఆయన దగ్గర మిగిలేది ఆ నల్లమచ్చ ఒక్కటే.

పొద్దున లేచి దాచానన్నప్పుడు ఈయనకి నిజం తెలియదు. అయినా ఎక్కడో తగిలినట్టుంది. పక్క మీద పడుకుని ఏం మరిచానా అని వెతికి వెతికి, ఏమీ దొరక్క, ఆ ఖాళీని చూసి జడుసుకుని ఉంటాడు. ఖాళీ కన్నా నేరం నయమనిపించి ఉంటుంది.

"రవికేం చెప్తవ్?" అంది. "తెలిసి తెలిసి ఉస్తాద్ నన్ను పంపిండు అనుకుంటడు. జిందగీ అంత అదే అనుకుంటడు."

ప్రహ్లాద్ రేకుల మీది ఎండను చూశాడు.

"ఆడు కోపం చేస్తడు. చేయనీ," అన్నాడు. "కోపం ఎన్నడో ఒకనాడు పోతది. నన్ను జూసి పాపం అనుకుంటే అది పోదు."

ఆమె వీడియో తీసెయ్యలేదు. తీసెయ్యనని చెప్పనూ లేదు. పోశవ్వకు తాళం ఇచ్చి ఇద్దరూ అబిడ్స్ వైపు నడిచారు. ఆటో పిలుస్తానంటే ఆయన వద్దన్నాడు. జనం మధ్య ఆయన నడక కొత్తగా ఉంది. ఎడమకాలు వేసినప్పుడల్లా దాన్ని ఓసారి చూసుకుంటున్నాడు.

*

చిరాగ్ అలీ లేన్‌లో కంపెనీ ఆఫీసు. మీటింగు గదిలో పొడవాటి బల్ల వెనక వంశీధర్, అతని పక్కన ఇద్దరు పెద్దవాళ్ళు. వాళ్ళు ప్రధాన కార్యాలయం నుంచి వచ్చారు. పేర్లు చెప్పుకోలేదు. బల్ల చివర మృదుల ఒంటరిగా కూర్చుంది. తన ముందు ఫోను బోర్లించకుండా, వెల్లకిలా పెట్టుకుంది.

"మా ఆయన ఇంటానన్నడు సార్," అంది వంశీధర్‌తో. "లైన్లోనే ఉన్నడు. ఏం మాట్లాడడు. ఇంటడంతే."

వంశీధర్ పెద్దవాళ్ళ వైపు చూశాడు. వాళ్ళు తలూపారు. అతనికి ఇష్టం లేకపోయినా కాదనలేకపోయాడు.

"ప్రహ్లాద్ గారూ, ఇది కోర్టు కాదండీ. మనవాళ్ళే అందరూ. మీకు తెలిసింది మీరు చెప్పండి, అంతే." ఆగి, హాసిని వైపు ఒక చూపు విసిరాడు. "పొరపాటు ఎక్కడ జరిగినా దిద్దుకుందాం. ఇంత కష్టపడి పోగుచేసుకున్న సమాచారం మీద టెక్నీషియన్లకి నమ్మకం పోకూడదు. నా బాధ అదొక్కటే."

అతని బాధ నిజమే. హాసినికి ఆ క్షణంలో అతని మీద కూడా జాలేసింది. ఎంతమంది పాతవాళ్ళను కుర్చీల్లో కూర్చోబెట్టి అడిగారో, ఎన్ని మోకాళ్ళు, ఎన్ని భుజాలు, ఎన్ని చెవులు ఆ రాతలోకి ఎక్కకుండా పోయాయో అతనికి తెలియదు. ఈ నిమిషంలో కూడా ఎవడో ఒకడు ఏదో మిద్దె మీద ఫోను చూసుకుంటూ ఒక చక్రంలో చెయ్యి పెడుతూ ఉండవచ్చు. ఈ ఆలోచన వచ్చాక ఆమెకు కూర్చోవడం కష్టమైంది. ఒక్క తండ్రి పరువు కాదు ఇక్కడ తేలేది.

ప్రహ్లాద్ నిలబడే ఉన్నాడు. చొక్కా వీపంతా తడిసి ఒంటికి అంటుకుంది.

"రాసినదాంట్ల తప్పు లేదు సార్," అన్నాడు. "మా బిడ్డ నేను చెప్పింది చెప్పినట్టు రాసింది. ఒక మెట్టు నేనే చెప్పలే. తెలిసే చెప్పలే. దాచిన."

గదిలో ఎవరో కుర్చీ జరిపారు. వంశీధర్ ముఖంలో ముందు విస్మయం, తరవాత దాచుకోలేని ఊరట కనిపించాయి. మాటలు ఇప్పుడు ఒక దారిన పడ్డాయి. రాత సరైనదే, మనిషే చెడ్డవాడు. పెద్దవాళ్ళలో ఒకాయన పెన్ను మూత తీశాడు. ఆ దాచిన మెట్టు ఏమిటో చెప్పమన్నాడు.

"మోకాలు," అన్నాడు ప్రహ్లాద్. "బ్రేకు వదిలే ముంగట చక్రానికి ఎడమ మోకాలు ఆనియ్యాలె. విసురు ఆపుతది."

ఇందాక తాను చూసినదాన్ని, ఎప్పటినుంచో తన పెట్టెలో తాళం వేసి ఉంచినట్టు చెప్పాడు. ఎంత బాగా చెప్పాడంటే హాసినే నమ్మబోయింది. ఆమె చెయ్యి సంచిలో ఉన్న ఫోను మీద ఉంది. తీస్తే తండ్రి పోతాడు. తియ్యకపోతే తండ్రి జైలుకు పోతాడు. ఏ మిద్దె మీదో ఎవడి చెయ్యో పోతుంది.

మృదుల తల వంచుకుంది. ఆమె ఏడుస్తోందో లేదో తెలియలేదు. పెన్ను కాగితం మీద రాస్తున్న చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది.

అప్పుడు బల్ల మీది ఫోనులోంచి గొంతు వచ్చింది. మందులతో బరువెక్కిన గొంతు. కోపం లేదందులో. పని నేర్చుకునేటప్పుడు అడిగినట్టే అడిగాడు రవికిరణ్.

"ఎందుకు దాచినవ్ ఉస్తాద్?"

పెన్ను ఆగింది.

ప్రహ్లాద్ నోరు తెరిచాడు. దాచానని చెప్పడానికి ఏం కావాలో అంతా కూడగట్టుకుని వచ్చాడు గాని, ఎందుకన్నది ఆయన తెచ్చుకోలేదు. ఏ కారణం చెప్పినా అది ఆ పిల్లవాడు బతికినంతకాలం మొయ్యాల్సిన కారణం. ఫోనులో రవికిరణ్ ఊపిరి వినిపిస్తోంది. వాడు ఎదురుచూస్తున్నాడు.

ప్రహ్లాద్ మెల్లగా కూతురి వైపు తిరిగాడు. ఇంత నిస్సహాయంగా ఆయన ఎన్నడూ ఎవరి వైపూ తిరగలేదు. ఆ కళ్ళు అబద్ధానికి సాయం అడుగుతున్నాయో, దాన్నుంచి విడిపించమంటున్నాయో హాసినికి తెలియలేదు.

"నువ్వు చెప్పు బిడ్డా," అన్నాడు.

గదిలో అందరి ముఖాలూ ఆమె వైపు తిరిగాయి. హాసిని లేచి నిలబడింది.